స్పామ్‌లోంచి ఇన్‌బాక్స్‌లోకి: మా మెయిళ్ల మరమ్మతు డైరీ

మొదలు

మేం నడిపే ఆన్‌లైన్ గ్రంథాలయం నుంచి సభ్యులకి మూడు రకాల మెయిళ్లు వెళ్తాయి. పాస్‌వర్డ్ మార్చుకునే లింకు, పుస్తకం గడువు గుర్తుచేసే మెయిల్, నెలకోసారి వార్తాలేఖ. ఈమధ్య "మీ మెయిల్ రాలేదండీ" అనే ఫోన్లు బాగా పెరిగాయి. "ఒకసారి స్పామ్‌లో చూడండి" అంటే అక్కడే ఉంటోంది. పాస్‌వర్డ్ లింకు కాసేపటికే చెల్లకుండా పోతుంది, కాబట్టి అది స్పామ్‌లో పడిందంటే రానట్టే లెక్క. ఈ పని ఇప్పుడు నా నెత్తిన పడింది. ఏం చూశాను, ఏం మార్చాను అన్నది రాసి పెట్టుకుందామని ఈ డైరీ.

వార్తాలేఖ రాసే మేడమ్ మొదటి మాటే ఇదీ: "సబ్జెక్టులో ‘ఉచితం’ అని ఉంది కదా, అది తీసేస్తే సరిపోతుందేమో." చాలామంది అలాగే అనుకుంటారు. ఏ మాట వాడితే స్పామ్ అవుతుందో చెప్పే జాబితాలు తెగ తిరుగుతుంటాయి కూడా. కానీ పాస్‌వర్డ్ మెయిల్‌లో ‘ఉచితం’ లేదు, ‘ఆఫర్’ లేదు, ఆశ్చర్యార్థకం ఒక్కటీ లేదు. అయినా అదీ స్పామ్‌కే పోతోంది. అంటే గొడవ మాటల్లో లేదు. మాటల జోలికి చివర్లో, అవసరమైతేనే వెళ్దామని చెప్పాను. ఆవిడ ఒప్పుకున్నారు గానీ ముఖం చూస్తే నమ్మినట్టు లేదు.

హెడర్లు చదవడం

ఊహాగానాలు మానేసి సాక్ష్యం పోగేశాను. సభ్యుల్లో కొందరిని అడిగి, స్పామ్‌లో పడినవీ ఇన్‌బాక్స్‌లోకి వచ్చినవీ రెండు రకాలూ పూర్తి హెడర్లతో (మెయిల్ పైన కనబడకుండా ఉండే వివరాల లైన్లతో) సహా తెప్పించుకున్నాను. జీమెయిల్‌లో ‘షో ఒరిజినల్’ అని ఒక ఆప్షన్ ఉంటుంది, అది నొక్కితే మెయిల్ అసలు రూపం మొత్తం కనిపిస్తుంది. మిగతా మెయిల్ సర్వీసుల్లోనూ ఏదో ఒక మూల ఇలాంటిది ఉంటుంది.

అందులో ‘ఆథెంటికేషన్ రిజల్ట్స్’ అనే లైను వెతకాలి. మెయిల్ అందుకున్న సర్వర్ తాను ఏం తనిఖీ చేసిందో, ఏం తేలిందో అందులో రాసి పెడుతుంది. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనేవి పంపినవాళ్లు చెప్పుకున్న పేరు నిజమేనా అని చూసే మూడు తనిఖీలు, ఒక్కోదాని సంగతి ముందుముందు వస్తుంది. మా పాస్‌వర్డ్ మెయిల్‌లో కనిపించింది ఇది: ఎస్‌పీఎఫ్ పాస్, డీకిమ్ లేదు, డీమార్క్ లేదు. ఎస్‌పీఎఫ్ పాసైందని సంబరపడేలోపు పక్కనున్న డొమైన్ (మెయిల్ అడ్రస్‌లో @ తర్వాత వచ్చే భాగం) పేరు చూశాను. అది మాది కాదు, మాకు సర్వర్ అద్దెకిచ్చే హోస్టింగ్ వాళ్లది. మెయిల్ వాళ్ల పేరు మీద పాసైంది, మా పేరు మీద కాదు.

దీని వెనక పాత కథ ఒకటుంది. మెయిల్ పంపే పద్ధతి, అంటే ఎస్‌ఎమ్‌టీపీ, 1982లో జాన్ పోస్టెల్ రాసిన ప్రమాణం. అప్పట్లో నెట్‌వర్కులో ఉన్నవాళ్లు కొద్దిమంది, దాదాపు అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లే. అందుకే పంపేవాడు తన పేరు ఏమని చెప్పుకున్నా అడిగే ఏర్పాటు అందులో లేదు. పైగా పేరు చెప్పే చోట్లు రెండు. పోస్టులో కవరు మీద ఒక చిరునామా, లోపల ఉత్తరం పైన ఇంకో పేరు ఉన్నట్టే ఇక్కడా ఉంటాయి. సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేటప్పుడు చెప్పేది కవరు చిరునామా. మెయిల్ ఆగిపోతే తిరిగొచ్చేది అక్కడికే. చదివేవాళ్లకి కంటికి కనిపించే ‘ఫ్రమ్’ లోపలి పేరు. ఈ రెండూ ఒకటే అయి ఉండాలని పాత ప్రమాణంలో ఎక్కడా లేదు. తర్వాత వచ్చిన ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ ఈ సందు పూడ్చడానికి వేసిన అతుకులే.

ఎస్‌పీఎఫ్: ఒకటి ఉండాల్సిన చోట రెండు

మా డొమైన్ తరఫున ఏ ఐపీ అడ్రస్‌ల (నెట్‌వర్కులో సర్వర్ల నంబర్ల) నుంచి మెయిల్ రావచ్చో డీఎన్‌ఎస్‌లో, అంటే డొమైన్ వివరాలు అందరికీ కనిపించే బహిరంగ చిట్టాలో, ప్రకటించడమే ఎస్‌పీఎఫ్. మా డీఎన్‌ఎస్ తెరిచి చూస్తే అలాంటి రికార్డులు రెండు కనిపించాయి. ఒకటి పాత హోస్టింగ్ కాలం నాటిది, రెండోది వార్తాలేఖ సర్వీసు కోసం ఎవరో తర్వాత చేర్చింది. ఇది నిబంధనకి విరుద్ధం. ఒక డొమైన్‌కి ఎస్‌పీఎఫ్ రికార్డు ఒక్కటే ఉండాలి, రెండుంటే ఏది నిజమో తేల్చే పని పెట్టుకోకుండా మొత్తాన్నీ శాశ్వత లోపం కింద జమకట్టేస్తారు. అంటే రెండు ఉండటం ఒకటీ లేకపోవడం కన్నా మెరుగేం కాదు.

రెంటినీ కలిపాక ఇంకో చిక్కు వచ్చింది. ఎస్‌పీఎఫ్ తనిఖీలో డీఎన్‌ఎస్‌ని 10 సార్లకి మించి అడగకూడదని 2014 నాటి ప్రమాణం చెబుతోంది. ‘ఇన్‌క్లూడ్’ (వేరే సంస్థ జాబితాని కూడా కలుపుకోమనే మాట) అని రాసిన ప్రతిదీ ఒకటి, దాని లోపల ఇంకో ఇన్‌క్లూడ్ ఉంటే అదీ లెక్కలోకే వస్తుంది. బయటికి నాలుగే కనిపిస్తున్నా లోపలికి తవ్వుకుంటూ పోతే పది దాటేసింది. నేరుగా రాసిన ఐపీ అడ్రస్‌లు మాత్రం ఈ లెక్కలోకి రావు. ఎప్పుడో వాడటం మానేసిన ఒక సహాయ కేంద్రం సాఫ్ట్‌వేర్ ఇన్‌క్లూడ్ ఇంకా అలాగే ఉంది. వాళ్లతో సంబంధం తెగిపోయినా, వాళ్ల సర్వర్ల నుంచి మా పేరుతో మెయిల్ పంపే అనుమతి మాత్రం ఇన్నాళ్లూ చెల్లుతూనే ఉందన్నమాట. తీసేశాను. లెక్క పదిలోపుకి దిగింది.

చివర్లో పెట్టే గుర్తు గురించి ఒక మాట. ‘ఆల్’ (మిగతా అందరూ) ముందు మైనస్ పెడితే "జాబితాలో లేనివాళ్లు మావాళ్లు కాదు, తిప్పికొట్టండి" అని అర్థం. టిల్డా (~) పెడితే "అనుమానించండి" అని. మైనస్ పెడితేనే కట్టుదిట్టం అని చాలాచోట్ల చెబుతారు. నేను టిల్డానే ఉంచాను. కొన్ని సర్వర్లు మైనస్ చూడగానే మెయిల్‌ని గుమ్మంలోనే ఆపేస్తాయి, డీకిమ్ సంతకం సరిగ్గా ఉన్నా చూసే అవకాశమే రాదు. గట్టి నిర్ణయం డీమార్క్‌తో తీసుకోవచ్చు, ఎస్‌పీఎఫ్‌కే ఆ తొందర అక్కర్లేదు.

మా సర్వర్ పేరేంటో దానికే తెలీదు

గడువు గుర్తుచేసే మెయిళ్లు మా సొంత సర్వర్ నుంచే వెళ్తాయి. దాని లాగ్ తిరగేస్తుంటే ఒక వింత కనబడింది. ఒకే మెయిల్ సర్వీసుకి పంపినవాటిలో కొన్ని సాఫీగా వెళ్తున్నాయి, కొన్ని 5.7తో మొదలయ్యే కోడ్‌తో తిరిగొస్తున్నాయి. తేడా ఏంటని వరుసగా పోల్చి చూస్తే, తిరిగొచ్చినవన్నీ ఐపీవీ6 (కొత్త రకం ఐపీ అడ్రస్) మీద వెళ్లినవే. సర్వర్‌కి రెండు రకాల అడ్రస్‌లూ ఉన్నాయి, అది తనకి తోచినప్పుడు ఐపీవీ6 వాడుకుంటోంది. ఎస్‌పీఎఫ్‌లో ఉన్నది మాత్రం పాత ఐపీవీ4 అడ్రస్ ఒక్కటే.

అంతే కాదు, ఐపీవీ6 అడ్రస్‌కి రివర్స్ డీఎన్‌ఎస్ కూడా లేదు. మామూలు డీఎన్‌ఎస్ పేరు చెబితే అడ్రస్ ఇస్తుంది, రివర్స్ డీఎన్‌ఎస్ అడ్రస్ చెబితే పేరు ఇస్తుంది. ఆ రెండూ ఒకదాన్నొకటి బలపరచాలి, లేకపోతే పెద్ద సర్వర్లు చిన్నచూపు చూస్తాయి. ఐపీవీ6 విషయంలో జీమెయిల్ లాంటివి మరీ కచ్చితంగా ఉంటాయి. ఇందులో తికమక ఏంటంటే, ఈ రికార్డు మన డీఎన్‌ఎస్‌లో పెట్టుకునేది కాదు. ఆ ఐపీ అడ్రస్ ఎవరిదో వాళ్లే పెట్టాలి, అంటే హోస్టింగ్ వాళ్లు. వాళ్లకి టికెట్ వేశాను, పని అయింది.

పనిలో పనిగా మా సర్వర్ అవతలి సర్వర్‌కి తనని తాను ఏమని పరిచయం చేసుకుంటోందో చూశాను. ‘లోకల్‌హోస్ట్’ అంటోంది! ఇన్‌స్టాల్ చేసిన రోజు నుంచీ అదే పేరు. అసలు పేరు పెట్టాను.

బ్లాక్‌లిస్టులు (అనుమానించాల్సిన అడ్రస్‌ల జాబితాలు) కూడా ఇక్కడే చూసేశాను. 1998 నుంచి ఉన్న స్పామ్‌హాస్ వాళ్లవి ఎక్కువమంది వాడతారు. వాళ్ల జాబితాల్లో ‘పీబీఎల్’ అని ఒకటుంది. అందులో పేరుందంటే స్పామ్ పంపారన్న నింద కాదు, ఇళ్ల ఇంటర్నెట్ కనెక్షన్ల లాంటి, నేరుగా మెయిల్ పంపకూడని అడ్రస్‌ల వరస అని అర్థం. ఈ తేడా తెలీక కంగారుపడేవాళ్లని చూశాను. ఇంకో ఉచ్చు కూడా ఉంది. అందరూ వాడే పబ్లిక్ డీఎన్‌ఎస్ ద్వారా అడిగితే స్పామ్‌హాస్ అసలు జవాబు ఇవ్వదు, బదులుగా 127.255.255.254 అనే సంఖ్య పంపుతుంది. దాని అర్థం "నువ్వు అడిగిన దారి సరైంది కాదు" అని. ఏదో ఒక జవాబు వచ్చింది కదా అని దాన్ని ‘జాబితాలో ఉన్నారు’ అని చదువుకుంటే ఆ రోజంతా టెన్షనే. సొంత రిజాల్వర్ (డీఎన్‌ఎస్‌ని అడిగి జవాబు తెచ్చే ప్రోగ్రాము) నుంచి అడిగితే మా అడ్రస్ ఏ జాబితాలోనూ లేదు.

డీకిమ్ సంతకం

డీకిమ్‌లో పంపే సర్వర్ ప్రతి మెయిల్ మీదా ఒక రహస్య తాళంచెవితో సంతకం చేస్తుంది. దానికి జతైన బహిరంగ తాళంచెవి డీఎన్‌ఎస్‌లో ఉంటుంది. యాహూ వాళ్ల డొమైన్‌కీస్, సిస్కో వాళ్ల ఇంకో పద్ధతి కలిసి 2007లో ప్రమాణంగా వచ్చింది. ఎస్‌పీఎఫ్ కవరుని చూస్తే, ఇది లోపలి సరుకుని కాపాడుతుంది. దారిలో ఎవరైనా ఒక్క అక్షరం మార్చినా సంతకం చెడుతుంది.

2048 బిట్ల తాళంచెవి తీసుకున్నాను. 1024 కన్నా తక్కువ వాడకూడదని ప్రమాణమే చెబుతోంది. 2012లో ఒక గణిత శాస్త్రజ్ఞుడు గూగుల్ 512 బిట్లే వాడుతోందని గమనించి, దాన్ని ఛేదించి, ఆ సంస్థ స్థాపకుల్లో ఒకరి పేరుతో మరొకరికి మెయిల్ పంపాడు. ఆ తర్వాత చాలామంది పెద్ద తాళంచెవులకి మారారు.

పెద్ద తాళంచెవితో పెద్ద తలనొప్పి. 2048 బిట్ల బహిరంగ తాళంచెవిని అక్షరాల్లో రాస్తే 392 వస్తాయి. డీఎన్‌ఎస్‌లో ఒక టెక్స్ట్ ముక్కలో 255కి మించి పట్టవు. ముక్కలు చేసి, ఒక్కో ముక్కని కొటేషన్లలో పెట్టి పక్కపక్కన రాయాలి. మా డీఎన్‌ఎస్ ప్యానెల్ ఆ పని తనే చేయదు, చేయలేనని చెప్పదు కూడా. 255 దగ్గర కోసేసి, ఆకుపచ్చ టిక్కు చూపించి ‘సేవ్ అయింది’ అంది. బయట నుంచి రికార్డు అడిగి చూస్తే తోక లేదు. ప్యానెల్ ఏం చెప్పినా సరే, డీఎన్‌ఎస్‌ని నేరుగా అడిగి వచ్చినదాన్ని అసలు తాళంచెవితో పోల్చి చూసుకోవడమే అసలు పరీక్ష.

రికార్డు సరైంది. టెస్ట్ మెయిల్ పంపితే ఈసారి ‘బాడీ హాష్ సరిపోలేదు’ అంటోంది. సంతకం చేసినప్పటి మెయిల్ వేరు, అక్కడ చేరిన మెయిల్ వేరు అని దాని భావం. మధ్యలో చేయి పెట్టింది ఎవరు? బయటికి వెళ్లే ప్రతి మెయిల్ కిందా "ఈ సందేశం గోప్యమైనది" అనే పేరా అతికించే ఏర్పాటు ఒకటి సర్వర్లో ఉంది. అది సంతకం అయ్యాక పనిచేస్తోంది. ఎవరూ చదవని ఆ పేరాని పూర్తిగా తీసేద్దామన్నాను, పైనుంచి అనుమతి రాలేదు. సరే, వరుస మార్చాను: ముందు పేరా, ఆఖర్న సంతకం. డీకిమ్ పాస్.

తెలుగు సబ్జెక్టు, పదిహేను అక్షర సంకేతాలు

గుర్తింపు పనులు చాలావరకు అయ్యాయి. అయినా గడువు మెయిల్‌ని స్పామ్అసాసిన్‌తో తూకం వేస్తే స్కోరు ఎక్కువే వస్తోంది. ఇది ఒక్కో లక్షణానికి కొన్ని పాయింట్లు వేసి, మొత్తం 5కి చేరితే స్పామ్ అనే పాత, నమ్మకమైన సాఫ్ట్‌వేర్. పెద్ద సంస్థల ఫిల్టర్లు ఇలా పనిచేయవు గానీ, ఏ నియమానికి ఎన్ని పాయింట్లో విప్పి చూపిస్తుంది కాబట్టి లోపాలు పట్టుకోవడానికి ఇంతకన్నా మంచి పనిముట్టు లేదు.

అది వేలెత్తి చూపింది మా సబ్జెక్టుని. మాటల్ని కాదు, బైట్లని.

మెయిల్ హెడర్లు పుట్టుకతో ఇంగ్లిషు అక్షరాల కోసమే. వేరే లిపి రాయాలంటే దాన్ని ఇంగ్లిషు అక్షరాల సంకేతంగా మార్చి, ముందూ వెనకా గుర్తులు పెట్టి పంపాలి. 1996 నుంచి పద్ధతి ఇదే. మా గడువు స్క్రిప్టు ఆ మార్పిడి ఏమీ చేయకుండా తెలుగు బైట్లని యథాతథంగా హెడర్లో కుమ్మరించేస్తోంది. చాలా మెయిల్ ప్రోగ్రాములు సర్దుకుని చక్కగా చూపిస్తాయి, కాబట్టి పంపేవాళ్లకి తేడా తెలీదు. ఫిల్టర్ మాత్రం ‘హెడర్లో ఉండకూడని అక్షరాలు’ అని పాయింట్లు వేస్తుంది. స్పామ్ పంపేవాళ్ల నాసిరకం ప్రోగ్రాములు చేసే పని అదే కాబట్టి దాని అనుమానం సమంజసమే.

వార్తాలేఖది వేరే జబ్బు. అది సంకేతంగా మారుస్తుంది గానీ ముక్కలు చేయడం చేతకాదు. ఒక్కో సంకేతపు ముక్క 75 అక్షరాలకి మించకూడదు. ముందూ వెనకా గుర్తులకి 12 పోతే మిగిలేవి 63. ఇక్కడ వాడే సంకేత పద్ధతి బేస్64, అది నాలుగేసి అక్షరాల గుంపులుగా నడుస్తుంది కాబట్టి వాడుకోగలిగేవి 60. ఆ 60లో పట్టేవి 45 బైట్లు. కంప్యూటర్లో అక్షరాలకిచ్చే యూనికోడ్ సంకేతాల్లో తెలుగువి ప్రతిదీ, యూటీఎఫ్-8 అనే నిల్వ పద్ధతిలో 3 బైట్లు. అంటే ముక్కకి 15 సంకేతాలు. ‘గ్రంథాలయం’ కంటికి నాలుగు అక్షరాలే గానీ లోపల గ, వత్తు గుర్తు, ర, సున్నా, థ, దీర్ఘం, ల, య, సున్నా అని తొమ్మిది సంకేతాలు, 27 బైట్లు. ఇలాంటి మాటలు రెండు పక్కపక్కన పడితే ముక్క దాటిపోయినట్టే.

ఆ ప్రోగ్రాము 45వ బైటు దగ్గర కళ్లు మూసుకుని కోస్తోంది. సబ్జెక్టులో ఖాళీ లేకపోతే 45ని 3తో భాగిస్తే సరిగ్గా పోతుంది, అదృష్టం బాగుంది. ఖాళీ ఒక్క బైటే. ఒక్క ఖాళీ పడగానే కోత ఒక అక్షరం మధ్యలో పడుతుంది. రెండు బైట్లు ఈ ముక్కలో, ఒక బైటు ఆ ముక్కలో. ప్రతి ముక్కలోనూ పూర్తి అక్షరాలే ఉండాలన్నది నియమం. అందుకే కొందరికి సబ్జెక్టులో నల్ల డైమండ్‌లో ప్రశ్నార్థకం కనిపించేది. వాళ్లు ఫాంట్ లేదేమో అనుకుని ఊరుకున్నారు.

రెండు చోట్లా చేత్తో రాసిన కోడ్ తీసేసి, పైథాన్‌లో ఉన్న ఈమెయిల్ లైబ్రరీకే ఆ పని అప్పగించాను. పంపేవారి పేరు కూడా తెలుగులోనే ఉంది, దానికీ ఇదే చికిత్స. మెయిల్ హెచ్‌టీఎమ్ఎల్ రూపంలో మాత్రమే వెళ్తుంటే మామూలు టెక్స్ట్ రూపం కూడా జత చేశాను. ‘ఉచితం’ అన్న మాట అక్కడే ఉంది. స్కోరు హద్దుకి చాలా కిందకి దిగింది. కాగితం మీద ఆ రెండు స్కోర్లూ చూపిస్తే మేడమ్ ఈసారి నమ్మారు.

డీమార్క్ రిపోర్టులు

ఎస్‌పీఎఫ్ గానీ డీకిమ్ గానీ పాసైతే చాలదు, పాసైన డొమైన్ కంటికి కనిపించే ‘ఫ్రమ్’ డొమైన్‌తో కలవాలి. డీమార్క్ అడిగేది అదే. కలవకపోతే ఏం చేయాలో డొమైన్ యజమానే చెప్పొచ్చు: ‘నన్’ అంటే ఊరికే గమనించు, ‘క్వారంటైన్’ అంటే స్పామ్‌లో వెయ్యి, ‘రిజెక్ట్’ అంటే తిప్పికొట్టు. ‘నన్’తో మొదలుపెట్టి, రిపోర్టులు పంపమని ఒక అడ్రస్ ఇచ్చాను. ఆ అడ్రస్ వేరే డొమైన్‌లో ఉంటే, రిపోర్టులు తీసుకోవడానికి మాకు అభ్యంతరం లేదని ఆ డొమైన్ కూడా తన డీఎన్‌ఎస్‌లో రాయాలి. అది లేకపోతే రిపోర్టులు రావు, ఎందుకు రావట్లేదో చెప్పేవాళ్లూ ఉండరు.

రోజుకోసారి జిప్ చేసిన ఎక్స్‌ఎమ్ఎల్ ఫైళ్లు రావడం మొదలైంది. కళ్లతో చదివేవి కావు. ఐపీ వారీగా కూడి, పట్టికగా పెట్టే చిన్న స్క్రిప్టు రాసుకున్నాను. మా పేరుతో ఎవరెవరు మెయిల్ పంపుతున్నారో మొదటిసారి మొత్తంగా కనిపించింది.

వార్తాలేఖ సర్వీసు ఎస్‌పీఎఫ్, డీకిమ్ రెండూ పాస్, డీమార్క్ ఫెయిల్. కారణం, రెండూ వాళ్ల డొమైన్ పేరు మీదే పాసయ్యాయి. వాళ్ల సెట్టింగుల్లో ‘సొంత డొమైన్’ అనే పేజీలో ఇచ్చిన రికార్డులు మా డీఎన్‌ఎస్‌లో పెడితే సంతకం మా పేరు మీదకి మారింది. ఇది సులువు.

అంతకన్నా విచిత్రమైన కేసు మా ‘సంప్రదించండి’ ఫారం. ఎవరైనా సందేహం రాసి పంపితే, ఆ ఫారం వాళ్ల మెయిల్ అడ్రస్‌నే ‘ఫ్రమ్’లో పెట్టి మాకు పంపేది. రాసినవాళ్లకి నేరుగా జవాబివ్వొచ్చని సౌకర్యంగా పెట్టిన ఏర్పాటు. కానీ మా సర్వర్ యాహూ పేరుతో మెయిల్ పంపితే అది నకిలీ మెయిలే కదా. 2014 ఏప్రిల్‌లోనే యాహూ తన డొమైన్‌కి ‘రిజెక్ట్’ పెట్టేసింది, ఆ నెలలోనే ఏఓఎల్ అనే ఇంకో మెయిల్ సర్వీసు కూడా. అంటే ఆ అడ్రస్‌లతో ఫారం నింపినవాళ్ల సందేహాలు మాకు చేరే దారే లేదు. జవాబు రాలేదని వాళ్లు మమ్మల్ని తిట్టుకునే ఉంటారు. ‘ఫ్రమ్’లో మా అడ్రస్, ‘రిప్లై-టు’లో వాళ్ల అడ్రస్ పెడితే సౌకర్యమూ పోలేదు, నకిలీ గొడవా లేదు.

ఇవి పోగా మిగిలినవి మాకు సంబంధంలేని ఐపీలు. అసలు దొంగలు వాళ్లు.

వద్దన్నవాళ్లకి పంపడం

ఇంతవరకు చేసిందంతా "ఇది మేమే పంపాం" అని రుజువు చేసుకోవడం. స్పామ్ పంపేవాళ్లు కూడా ఈ మూడు రికార్డులూ చక్కగా పెట్టుకోగలరు, పెట్టుకుంటున్నారు కూడా. గుర్తింపు కార్డు చూపిస్తే లోపలికి రానిస్తారు, మర్యాద మాత్రం నడవడికని బట్టి. ఈ రెండో భాగం డీఎన్‌ఎస్‌లో తేలేది కాదు. దీని మీద మా ఆఫీసులో గట్టి వాదనే జరిగింది.

గూగుల్, యాహూ 2023 అక్టోబరులో ప్రకటించి 2024 ఫిబ్రవరి నుంచి కొత్త నియమాలు అమలు చేశాయి. పెద్ద సంఖ్యలో మెయిళ్లు పంపేవాళ్లకి (గూగుల్ లెక్కలో రోజుకి 5,000కి పైగా) ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ తప్పనిసరి. వార్తాలేఖల్లాంటి వాటికి ఒక్క నొక్కుతో అన్‌సబ్‌స్క్రైబ్ అయ్యే వీలుండాలి, వద్దన్నవాళ్లని రెండు రోజుల్లో తీసేయాలి. ‘ఇది స్పామ్’ అని నొక్కేవాళ్ల శాతం 0.3 చేరకూడదు, 0.1 లోపు ఉంటే మేలు. 2025 మేలో మైక్రోసాఫ్ట్ కూడా అదే 5,000 గీత గీసి మూడు రికార్డులూ తప్పనిసరి చేసింది. మేం అంత పంపం. కానీ వెయ్యి మందిలో ముగ్గురు విసుక్కుంటే చాలు ప్రమాదమే అన్న సంగతి చిన్నవాళ్లకీ పెద్దవాళ్లకీ ఒకటే.

మా జాబితాలో ఎప్పుడో సభ్యత్వం వదిలేసినవాళ్లున్నారు. చిత్తు పుస్తకంలోంచి టైప్ చేసిన అడ్రస్‌లున్నాయి. సభ్యత్వ ఫారంలో ‘వార్తాలేఖ కావాలి’ అన్న గడి ముందే టిక్ చేసి ఉండేది, కాబట్టి చాలామంది అడిగి చేరినవాళ్లు కారు.

"పేర్లు తీసేస్తే మన సంఖ్య పడిపోతుందండీ," అన్నారు మేడమ్. "ఏళ్లుగా పోగేసిన జాబితా."

"ఉంచితే చదివేవాళ్లకి కూడా వెళ్లదండీ. తెరవనివాళ్లని చూసే ఫిల్టర్ మనకి మార్కులేస్తుంది."

"తెరవట్లేదని ఎలా తెలుస్తుంది?"

మంచి ప్రశ్న. మెయిల్‌లో కంటికి కనిపించని చిన్న బొమ్మ పెట్టి, అది లోడైతే తెరిచినట్టు లెక్కేయడం పాత పద్ధతి. 2021లో ఆపిల్ తన మెయిల్ యాప్‌లో ఆ బొమ్మల్ని తనే ముందుగా లోడ్ చేసే ఏర్పాటు తెచ్చాక ఆ లెక్కకి విలువ పోయింది. అందుకే నేను మెయిల్ తెరిచారా అని చూడలేదు. లింకు నొక్కారా, గ్రంథాలయంలోకి లాగిన్ అయ్యారా, పుస్తకం తీసుకున్నారా అని చూశాను. ఏడాదిగా ఈ మూడింట్లో ఏదీ చేయనివాళ్లకి "వార్తాలేఖ ఇంకా కావాలా?" అని ఒక్క మెయిల్, జవాబు రాకపోతే సెలవు. ఇక్కడ రాజీ కుదిరింది: వాళ్ల పేర్లు సభ్యుల జాబితాలో ఉంటాయి, వార్తాలేఖ జాబితాలోంచి మాత్రమే పోతాయి.

5.1.1 కోడ్‌తో, అంటే ‘అలాంటి అడ్రసే లేదు’ అని తిరిగొచ్చినవి వెంటనే తీసేశాను. వదిలేసిన పాత అడ్రస్‌లని కొన్ని సంస్థలు కొంతకాలం తర్వాత స్పామ్ పట్టే ఎరలుగా మారుస్తాయి. వాటికి పంపుతూ ఉంటే జాబితాని శుభ్రం చేసుకోనివాడిగా ముద్ర పడుతుంది. కొత్తగా చేరేవాళ్ల గడి ఇకనుంచి ఖాళీగా ఉంటుంది, టిక్ చేసినా ధ్రువీకరణ మెయిల్లో లింకు నొక్కితేనే చేరినట్టు.

అన్‌సబ్‌స్క్రైబ్ సంగతి మరీ ఘోరం. లింకు నొక్కితే లాగిన్ అవ్వమనేది. పాస్‌వర్డ్ మర్చిపోతే లింకు పంపేది, ఆ లింకు స్పామ్‌లో పడేది. అంత శ్రమ ఎవరు పడతారు, ‘స్పామ్’ బటన్ ఒక్క నొక్కే కదా! 2017 నాటి ప్రమాణం ప్రకారం హెడర్లో రెండు లైన్లు పెడితే మెయిల్ యాపే తన సొంత ‘అన్‌సబ్‌స్క్రైబ్’ బటన్ చూపిస్తుంది. ఆ లైన్లు కూడా డీకిమ్ సంతకం కిందకి రావాలి. ఇందులో జాగ్రత్త పడాల్సింది ఒకటుంది. కొన్ని ఆఫీసుల భద్రతా సాఫ్ట్‌వేర్లు మెయిల్లో ఉన్న లింకులన్నీ ముందుగా తెరిచి చూస్తాయి. ఊరికే తెరిస్తేనే పేరు తీసేసేలా లింకు పెడితే, ఆ ఆఫీసువాళ్లంతా తమకి తెలీకుండానే జాబితాలోంచి మాయమవుతారు. అందుకే తెరిస్తే (గెట్) పేజీ మాత్రమే చూపించి, బటన్ నొక్కితే వచ్చే పోస్ట్ అభ్యర్థనకే పేరు తీసేలా చేశాను.

వార్తాలేఖని ఒక సబ్‌డొమైన్‌కి (మా డొమైన్ కిందే ఉండే వేరే పేరుకి), పాస్‌వర్డ్, గడువు మెయిళ్లని ఇంకో సబ్‌డొమైన్‌కి మార్చాను. వార్తాలేఖ మీద ఎవరైనా విసుక్కున్నా ఆ మరక పాస్‌వర్డ్ మెయిల్‌కి తక్కువ అంటుతుంది. ఎస్‌పీఎఫ్ తల్లి డొమైన్ నుంచి సబ్‌డొమైన్‌కి దిగదు, వేటికవి విడిగా రాయాలి. డీమార్క్ దిగుతుంది.

మెల్లగా

కొత్త సబ్‌డొమైన్‌కి మంచిపేరూ లేదు, చెడ్డపేరూ లేదు. మొదటి రోజే జాబితా మొత్తానికి పంపితే అనుమానమే. తరచూ పుస్తకాలు తీసుకునేవాళ్లకి ముందు పంపాను, తర్వాత కొంచెం కొంచెం పెంచుకుంటూ పోయాను. మధ్యలో ఒక సర్వీసు 421 కోడ్‌తో "నెమ్మదించు" అంది. 4తో మొదలయ్యేవి తాత్కాలికం, 5తో మొదలయ్యేవి శాశ్వతం. 4 వస్తే క్యూలో ఉంచి వ్యవధి పెంచుకుంటూ మళ్లీ ప్రయత్నించాలి. కొన్ని చిన్న సర్వర్లు కొత్తవాళ్లని కావాలనే మొదటిసారి ఇలా వెనక్కి పంపి, మళ్లీ వస్తేనే తీసుకుంటాయి. స్పామ్ పంపేవాళ్లకి ఆ ఓపిక ఉండదని వాటి లెక్క.

పంపేవాళ్లకి జీమెయిల్ లెక్కలు చూపించే గూగుల్ పోస్ట్‌మాస్టర్ టూల్స్‌లో డొమైన్ నమోదు చేశాను గానీ, మాలాంటి తక్కువ పంపేవాళ్లకి అందులో చాలా రోజులు ఖాళీయే. అందుకని నేను ఎక్కువగా చూసేది ఒకటే: పాస్‌వర్డ్ మెయిల్ పంపాక లింకు నొక్కేవరకు ఎంతసేపు పడుతోంది, ఎంతమంది రెండోసారి అడుగుతున్నారు. రెండోసారి అడిగేవాళ్లు బాగా తగ్గారు. "రాలేదండీ" ఫోన్లు ఆగిపోలేదు గానీ ఇప్పుడు వస్తే అదొక విశేషం.

రిజెక్ట్ వైపు

రిపోర్టుల్లో మావన్నీ పాసవుతున్నాయని రూఢి చేసుకున్నాక డీమార్క్‌ని ముందు క్వారంటైన్‌కి మార్చాను. మిగిలిన చిన్న శాతం ఫెయిళ్లు ఎవరివా అని చూస్తే, ఒక సభ్యుడు పాత కాలేజీ అడ్రస్‌కి వచ్చే మెయిళ్లని తన సొంత అడ్రస్‌కి ఫార్వర్డ్ చేసుకుంటున్నాడు. ఫార్వర్డ్ అయితే పంపే ఐపీ మారుతుంది, కాబట్టి ఎస్‌పీఎఫ్ చెడటం సహజం. డీకిమ్ బతికి ఉంటే చాలు, డీమార్క్ పాసవుతుంది. కాలేజీ సర్వర్ సబ్జెక్టుకి ముందు ‘బయటి మెయిల్’ అని తగిలిస్తోంది, అక్కడ డీకిమ్ కూడా పోయింది. 2019లో వచ్చిన ఆర్క్ అనే పద్ధతి ఇలాంటి మధ్యవర్తుల కోసమే, కానీ అది పెట్టుకోవాల్సింది వాళ్లు, మేం కాదు. ఆ సభ్యుడికి ఫోన్ చేసి అడ్రస్ మార్పించాను.

తర్వాత రిజెక్ట్. మా పేరుతో పంపుతున్న ఆ తెలియని ఐపీలు రిపోర్టుల్లో ఇంకా కనిపిస్తున్నాయి, వాటి పక్కన చర్య కాలమ్‌లో ఇప్పుడు ‘రిజెక్ట్’ అని ఉంటోంది. మెయిల్ పంపడానికి ఎప్పుడూ వాడని ఇంకో డొమైన్ మాకుంది. దానికి ఎవరికీ అనుమతి లేదని చెప్పే ఎస్‌పీఎఫ్, నేరుగా రిజెక్ట్ పెట్టేశాను. అక్కడ టిల్డా ఆలోచనే లేదు, మైనస్సే.

నిన్న లెక్కల విభాగం నుంచి కబురు. కొత్త రసీదుల సాఫ్ట్‌వేర్ కొన్నారట, ఎస్‌పీఎఫ్‌లో కలపమని వాళ్లిచ్చిన ఇన్‌క్లూడ్ లైను పంపారు, ఈ రోజే కావాలన్నారు. దాన్ని లోపలిదాకా విప్పి లెక్కేస్తే మొత్తం 11 అవుతోంది. తల్లి డొమైన్‌లో కలపట్లేదు, రసీదులకి వేరే సబ్‌డొమైన్ ఇస్తున్నాను. డీకిమ్ రికార్డులు కూడా పంపమని ఆ కంపెనీకి రాశాను. అవి వచ్చాకే మొదటి రసీదు బయటికి వెళ్తుంది.